టీ కణాల గురించి అడిగారు, నేను మా బాబు థైమస్ దగ్గర మొదలుపెడతాను

ప్రశ్న ఇది: "టీ కణాలు ఎలా తయారవుతాయి, ఎంతకాలం బతుకుతాయి, చివరికి ఏమవుతాయి? ఇమ్యూనిటీ పెంచుకుంటే వాటి సంఖ్య పెరుగుతుందా?"

టీ కణాలంటే క్రిములతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. చివరి ముక్కకి ముందే జవాబు చెప్పేస్తాను. పెరగదు, పెరగకూడదు కూడా. ఈ "ఇమ్యూనిటీ పెంచుకోవడం" అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాను, ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఆ కణాలు తయారయ్యే థైమస్ అనే ఛాతీలోని గ్రంథి గురించి పరీక్షలో పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కానీ నిజంగా దాని గురించి కూర్చుని చదివింది మాత్రం మా బాబు ఆపరేషన్ కన్సెంట్ ఫారం మీద దాని పేరు చూశాకే.

మా వాడు టీఓఎఫ్‌తో పుట్టాడు. అంటే గుండెలో కింది గదుల మధ్య గోడకి రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు. ఏడిస్తే చాలు పెదాలు, గోళ్లు నీలంగా మారిపోయేవి. ఏడాది నిండకముందే హైదరాబాద్‌లో ఓపెన్ హార్ట్ సర్జరీ చేయించాం. ముందురోజు సాయంత్రం ఒక గదిలోకి పిలిచి ఫారం చేతిలో పెట్టారు. అంతా ఇంగ్లీషే. అక్కడున్న అమ్మాయి గుక్క తిప్పుకోకుండా తెలుగులో చెప్పుకుంటూ పోతోంది, రక్తం ఎక్కించాల్సి రావచ్చు, మళ్లీ ఛాతీ తెరవాల్సి రావచ్చు, ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం అని. మా ఆయన పెట్టేస్తున్నారు. నా కళ్లు కింద పెన్నుతో రాసిన ఒక లైను మీద పడ్డాయి. థైమెక్టమీ, అంటే థైమస్ తీసేయడం.

ఇదెందుకు అని అడిగితే పక్కనే ఉన్న డ్యూటీ డాక్టర్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "అది పనికిరాని గ్రంథి అమ్మా, ఎలాగూ పెద్దయ్యాక కరిగిపోయేదే" అన్నాడు. పనికిరానిదైతే పసిపిల్లల్లో గుండెని సగం కప్పేసేంత పెద్దగా ఎందుకుంటుంది సార్ అన్నాను. మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కారు. మా అత్తమ్మ మాత్రం నా పక్షానే నిలబడింది. ఆమెకి థైమస్ అంటే ఏమిటో తెలియదు, అయినా "దేవుడు ఊరికే పెడ్తడా బిడ్డా, మంచిగ అడుగు, గా ముక్క తీస్తే పిలగానికి ఏమైతదో చెప్పమను" అంది. నేను సర్జన్ గారితో మాట్లాడేదాకా సంతకం పెట్టనని కూర్చున్నాను. ఆ డాక్టర్ ముఖం మాడిపోయింది, కౌన్సెలింగ్ అమ్మాయి మా ఆయన వైపు జాలిగా చూసింది. నాకేం పట్టలేదు.

సర్జన్ గారు వేరే కేసు ముగించుకుని రాత్రి పొద్దుపోయాక వచ్చారు. ముఖం మీద మాస్కు అచ్చు ఇంకా అలాగే ఉంది. వచ్చి మా బెంచీ మీదే కూర్చుని సూటిగా చెప్పారు. "ఎముక కోసి తెరిస్తే ముందు కనపడేది గుండె కాదమ్మా, ఇదే. దీన్ని తప్పించకపోతే పెద్ద రక్తనాళాలు నాకు కనపడవు, హార్ట్ లంగ్ మెషీన్ పైపులు పెట్టలేను. ఒక పక్క మెడ వైపు కాస్త వదలడానికి చూస్తాను. మాట ఇవ్వను, చూస్తాను." అప్పుడు పెట్టాను సంతకం. బాబుకి పుట్టుకతో థైమస్ లేని జబ్బేమైనా ఉందేమో పరీక్ష చేశారా అని కూడా అడిగాను, చేశామన్నారు. ఇది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. టీఓఎఫ్ పిల్లల్లో కొందరికి 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపిస్తుంది, డైజార్జ్ సిండ్రోమ్ అంటారు. వాళ్లలో థైమస్ చిన్నదిగా ఉండొచ్చు, అరుదుగా అసలే ఉండకపోవచ్చు. అలాంటి పిల్లలకి ఎక్కించే రక్తాన్ని ముందుగా రేడియేషన్‌కి గురిచేయాలి, లేకపోతే ఆ రక్తంలోని టీ కణాలు పిల్లవాడి శరీరం మీదే పడతాయి.

"పనికిరానిది" అనడం ఆ డ్యూటీ డాక్టర్‌తో మొదలైంది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో, హఠాత్తుగా చనిపోయిన పసిపిల్లల్ని కోసి చూస్తే థైమస్ పెద్దగా కనిపించేది. అదే ఊపిరికి అడ్డంపడి చంపిందనుకున్నారు. నిజానికి అదే మామూలు సైజు. అప్పటిదాకా డాక్టర్లు కోసి చూసిన శవాలు ఎక్కువగా జబ్బులతో, తిండిలేక పోయిన పేదవాళ్లవి. జబ్బుకీ ఆకలికీ మొట్టమొదట చిక్కిపోయేది థైమసే కాబట్టి ఆ చిక్కిపోయినదాన్నే సరైన సైజుగా లెక్కేసుకున్నారు. ఇక ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఛాతీకి ఎక్స్‌రేలు కొట్టి థైమస్‌ని కుదించే వైద్యం దశాబ్దాలపాటు నడిచింది. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్లలో థైరాయిడ్ క్యాన్సర్లు ఎక్కువగా వచ్చాయి. పేదవాళ్ల ఆకలిని కొలబద్దగా పెట్టుకుంటే వచ్చిన ఫలితం ఇది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

1961లో జాక్ మిల్లర్ అనే కుర్ర శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లో అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకి థైమస్ తీసేసి చూశాడు. కొన్ని వారాలు బాగానే ఉన్నాయి, తర్వాత చిక్కిపోయి ఇన్‌ఫెక్షన్లతో చనిపోయాయి. వాటి ఒంటి మీద వేరే రకం ఎలుక చర్మం అతికిస్తే మారుమాట లేకుండా ఒప్పుకున్నాయి. పెద్ద ఎలుకల్లో తీస్తే మాత్రం వెంటనే ఏమీ కాలేదు, అందుకే అన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. 1960లో నోబెల్ తీసుకున్న పీటర్ మెడవార్ కూడా మిల్లర్ ఫలితాలు వచ్చాక సైతం థైమస్‌లోని లింఫోసైట్లకి (టీ కణాలు ఆ జాతివే) పెద్ద ప్రాముఖ్యం లేదనే అన్నాడు. అంతటివాడే అన్నప్పుడు మా డ్యూటీ డాక్టర్‌ని ఏమనగలం!

ఇంకో సంగతి ఇంతకంటే విచిత్రం. జపాన్ వాళ్లు అదే ఎలుకపిల్లలకి థైమస్‌ని పుట్టిన రోజు కాకుండా మూడో రోజు తీశారు. అప్పుడు రోగనిరోధక శక్తి లేకుండా పోలేదు, అది సొంత శరీరం మీదే తిరగబడింది. అండాశయాలు, థైరాయిడ్, కడుపు, ఒక్కో అవయవాన్నీ టీ కణాలే పాడుచేశాయి. దాడిచేసే కణాలు అప్పటికే బయటికి వచ్చేశాయి, వాటిని అదుపులో పెట్టే కణాలు ఇంకా రాలేదు, ఆ మధ్యలో కోత పడింది. ఆ అదుపు చేసే కణాల వెంటపడిన షిమోన్ సకగుచి 1995లో వాటిని చూపించాడు. మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ వాటికి కీలకమైన ఫాక్స్‌పీ3 జన్యువుని పట్టుకున్నారు. ముగ్గురికీ కలిపి 2025లో వైద్యంలో నోబెల్ వచ్చింది.

సరే, లోపల ఏం జరుగుతుంది? ఎముక మజ్జలోంచి బయల్దేరిన కణం రక్తంలో కొట్టుకొచ్చి థైమస్ చేరేసరికి అది ఇంకా టీ కణం కాదు. అక్కడ తన సొంత జన్యువుల్నే ముక్కలుగా కోసి, ఎటంటే అటు అతికించుకుని, క్రిముల్ని గుర్తుపట్టడానికి తన ఒంటి మీద ఒక గ్రాహకం తయారు చేసుకుంటుంది. ఏ ముక్క దేనికి అతుక్కుంటుందో ఎవరి చేతిలోనూ లేదు. ఇప్పటిదాకా భూమ్మీద లేని వైరస్‌ని కూడా రేపు పట్టుకోగలిగేది ఈ గుడ్డి అతుకుల వల్లే. గుడ్డిగా చేస్తే ఎక్కువ భాగం చెత్తే వస్తుంది కదా, అందుకే తర్వాత ఏరివేత. ప్రోటీన్ ముక్కల్ని కణాల మీద పట్టి చూపించే హెచ్‌ఎల్‌ఏ అణువులు మన శరీరంలో ఉంటాయి, వాటిని ఆ గ్రాహకం కాస్తయినా తాకగలగాలి. తాకలేకపోతే "నువ్వు బతుకు" అనే సంకేతం రాదు, మూడు నాలుగు రోజుల్లో చస్తుంది. దాన్ని ఎవరూ చంపరు, పట్టించుకోరంతే. కణాల్లో అత్యధిక శాతం పోయేది ఇక్కడే. తాకగలిగినవి లోపలి భాగానికి వెళ్తాయి. అక్కడి కణాలు ఏఐఆర్‌ఈ అనే జన్యువు సాయంతో శరీరంలో ఎక్కడెక్కడో ఉండే ప్రోటీన్లని, క్లోమంలో తయారవ్వాల్సిన ఇన్సులిన్‌తో సహా, తామే కొద్దికొద్దిగా తయారుచేసి చూపిస్తాయి. వాటిని చూసి గట్టిగా పట్టుకున్న కణానికి చావే. కొన్ని మాత్రం చావకుండా ఇందాక చెప్పిన అదుపు కణాలుగా మారతాయి. ఏఐఆర్‌ఈ చెడిపోయి పుట్టినవాళ్లలో పారాథైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు సొంత టీ కణాల చేతిలోనే నాశనమవుతాయి, నోట్లో ఫంగస్ ఎప్పుడూ వదలదు. మొత్తం మీద లోపలికి వెళ్లిన నూటిలో బతికి బయటపడేవి అయిదు కూడా ఉండవు.

యూట్యూబ్‌లో ఎవరి వీడియో చూసినా థైమస్ ఒక బడి అంటారు. బడి కాదండీ. బడిలో ఏదో ఒకటి నేర్పుతారు. ఇక్కడ ఎవరూ ఏదీ నేర్పరు. ఉన్నదంతా ఏరివేతే. ఏ బడిలోనైనా ఫెయిలైన పిల్లల్ని అక్కడికక్కడే మింగేస్తారా? థైమస్‌లో మాక్రోఫేజులు అనే మింగే కణాలు చేసే పని అదే. ఇంత చావు జరుగుతున్నా చీము లేదు, వాపు లేదు, జ్వరం లేదు, పసివాడు హాయిగా పాలు తాగి పడుకుంటాడు. ఈ రకం నిశ్శబ్దపు చావుకి అపాప్టోసిస్ అని 1972లో పేరు పెట్టారు. పిల్లలకి ఎడాపెడా రాసే స్టెరాయిడ్లు థైమస్‌లోని ఆ పసి కణాల్ని ఇట్టే చంపుతాయని మాత్రం మందుల చీటీ రాసేటప్పుడు చాలామందికి గుర్తుండదు. అవసరమైనప్పుడు వాడాల్సిందే, నేను వద్దనను. మామూలు జలుబుకి సిరప్‌లో కలిపి ఇచ్చేవాళ్ల మీదే నా కోపం.

బయటికి వచ్చాక బతకడం కూడా ఊరికే కాదు. లింఫ్ గ్రంథుల్లోని కణాలు ఐఎల్-7 అనే పదార్థాన్ని కొద్దికొద్దిగా విడుదల చేస్తాయి. అది అందినంతకాలం, సొంత హెచ్‌ఎల్‌ఏని అప్పుడప్పుడూ తాకుతూ ఉన్నంతకాలం టీ కణం బతుకుతుంది. ఇంకా ఏ క్రిమినీ కలవని కొత్త కణం మనుషుల్లో ఏళ్ల తరబడి అలా తిరుగుతూ ఉండగలదు. ఐఎల్-7 ఎంత ఉంటే అన్నే బతుకుతాయి, కోటా లాంటిదన్నమాట. మీరు ఏ పొడి తాగినా ఆ కోటా మారదు. కణాలు తగ్గితే ఐఎల్-7 మిగులుతుంది, అప్పుడు ఉన్నవే విభజన చెంది ఖాళీ నింపుతాయి. పెద్దవాళ్లలో కొత్తగా చేరే టీ కణాల్లో ఎక్కువ భాగం ఇలా పుట్టేవే, థైమస్ నుంచి వచ్చేవి కొంచెమే.

మా వాడి విషయంలో చిక్కంతా ఇక్కడే. ఆపరేషన్ తర్వాత ఒకసారి సీడీ4, సీడీ8 అనే రెండు రకాల టీ కణాల లెక్క చేయించాం, వయసుకి తగ్గట్టే ఉన్నాయి. మా ఆడపడుచు "చూశావా వదినా, నువ్వే అనవసరంగా టెన్షన్ పడ్డావు" అంది. లెక్క సరిపోవడం వేరు, రకాలు ఉండటం వేరు. ఉన్న కణాలే పిల్లలు పెట్టి నింపితే సంఖ్య నిండుతుంది, కానీ కొత్త గ్రాహకం ఒక్కటి కూడా రాదు. కొత్తది రావాలంటే థైమస్సే కావాలి. పసితనంలో గుండె ఆపరేషన్‌లో థైమస్ పోయిన పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో ఇదే కనపడింది, క్రిమి ముఖం చూడని కొత్త కణాలు తగ్గాయి, థైమస్ నుంచి అప్పుడే వచ్చిన వాటి గుర్తులూ తగ్గాయి. కాస్త వదిలేసిన పిల్లల్లో కొందరికి అది తిరిగి పెరిగింది కూడా. ల్యాబుల్లో అమ్మే "ఇమ్యూనిటీ ప్రొఫైల్" ప్యాకేజీలు ఈ తేడా చెప్పవు. నేను ల్యాబ్‌లో కూర్చుని చెప్తున్నాను, విటమిన్ డి, సీబీసీ, ఇంకో రెండు కలిపి ఆ పేరు పెడితే అది ఇమ్యూనిటీ పరీక్ష అయిపోదు.

ఇక చావు. ఏదైనా వైరస్ వస్తే దాన్ని గుర్తుపట్టిన కొద్ది కణాలే వేలు లక్షలుగా పెరుగుతాయి. జబ్బు తగ్గాక వాటిలో నూటికి తొంభై, తొంభై అయిదు కొన్ని వారాల్లోనే చచ్చిపోతాయి. బిమ్ అనే ప్రోటీన్ లోపలి నుంచి చంపుతుంది, ఫాస్ అనే గ్రాహకం బయటి సంకేతంతో చంపుతుంది. మిగిలిన కొద్దిపాటి కణాల వంశమే జ్ఞాపకం. 2003లో సార్స్ వచ్చి తగ్గినవాళ్లలో పదిహేడేళ్ల తర్వాత కూడా ఆ వైరస్‌ని గుర్తుపట్టే టీ కణాలు ఉన్నాయని సింగపూర్ శాస్త్రవేత్తలు 2020లో చూపించారు. ఒక్కో కణమూ అన్నేళ్లు బతికిందని కాదు, విభజన చెందుతూ గుంపు నిలబడింది.

ఇవి చావకపోతే ఏమవుతుందో తెలుసా? ఫాస్ జన్యువు చెడిపోయి పుట్టే పిల్లలుంటారు. వాళ్లకి మెడలో, చంకల్లో గడ్డలు, ప్లీహం పొట్టనిండా పెరగడం, సొంత రక్తకణాల్నే శరీరం నాశనం చేసుకోవడం, ఆ తర్వాత లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు. వాళ్లలో "ఇమ్యూనిటీ" పెరిగే ఉంటుంది మరి! టీ కణాలు ఎక్కువైతే మంచిదనుకునేవాళ్లని నేను ఒక్కటే అడుగుతాను, ఏ జబ్బు కావాలి మీకు? తగ్గితే ఏమవుతుందో మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఈ టీ కణాల్నే చంపే హెచ్‌ఐవీ ఊరూరా వినపడే కథ. అప్పట్లో సీడీ4 లెక్క ఎంతకి పడిపోయిందో చూశాకే మందులు మొదలుపెట్టేవాళ్లు. 2017 నుంచి లెక్కతో పని లేకుండా, ఉందని తేలగానే ఇస్తున్నారు, మంచి పని చేశారు.

కోవిడ్ రోజుల్లో మా ఇంట్లో తిప్పతీగ కషాయం పొద్దునా సాయంత్రం కాగేది. మా మామయ్య గారు బాబుకి కూడా రెండు చుక్కలు పట్టమంటే నేను ఒప్పుకోలేదు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని, సొంత రోగనిరోధక వ్యవస్థే కాలేయం మీద పడినట్టుందని ముంబై డాక్టర్లు 2021లో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ అది తప్పుదారి పట్టించే మాటంది. ఎవరి వాదన వాళ్లది. నాకైతే ఆ డాక్టర్ల మాటే నమ్మకంగా ఉంది, ఎందుకంటే అదుపు కణాల సంగతి చదివాక "రెచ్చగొట్టడం" అనే ఆలోచనే నాకు నచ్చడం మానేసింది.

పెద్దవాళ్లకి థైమస్ అక్కర్లేదన్న మాట కూడా ఇక చెల్లదు. 2023లో బోస్టన్ వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో, ఛాతీ ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్లని రెండు గుంపులుగా పోల్చారు. అయిదేళ్లలో థైమస్ తీసేసినవాళ్లలో 8.1 శాతం చనిపోయారు, ఉన్నవాళ్లలో 2.8 శాతం. క్యాన్సర్లు కూడా దాదాపు రెట్టింపు. పాత రికార్డులు చూసి చేసినది, కారణం ఇదేనని తేల్చలేం అంటారు. అనండి. నాకు మాత్రం ఆ అంకెలు చాలు.

అమెరికాలో అయితే గుండె ఆపరేషన్‌లో తీసేసిన పసిపిల్లల థైమస్‌ని తల్లిదండ్రుల అనుమతితో తీసుకుని, ల్యాబ్‌లో రెండు మూడు వారాలు పెంచి, పుట్టుకతో థైమస్ లేని పిల్లల తొడ కండరంలో పెడుతున్నారు. 2021లో దానికి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది, పేరు రెథైమిక్. తొడలో కూర్చుని కూడా అది టీ కణాల్ని తయారుచేస్తుంది! కుదురుకోవడానికి నెలలు పడుతుంది గానీ చేస్తుంది. మా వాడిది మాత్రం ఏ బకెట్‌లోకి వెళ్లిందో నాకు తెలియదు, డిశ్చార్జ్ సమ్మరీలో "పాక్షికం" అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు. ఎంత తీశారు, ఎంత ఉంచారు అని రాయడానికి ఇంకో లైను ఖర్చయ్యేదా?

మీ ఇంట్లో ఎవరికైనా పసిపిల్లల గుండె ఆపరేషన్ ఉంటే, ఆరోగ్యశ్రీలో చేయించినా డబ్బు కట్టి చేయించినా, థైమస్ గురించి ముందురోజే అడగండి. కొంత ఉంచడానికి వీలవుతుందా అని సర్జన్‌నే అడగండి, డ్యూటీ డాక్టర్‌ని కాదు. వీలు కాదంటే గొడవ పడకండి, గుండె ముందు. ఎంత ఉంచారో డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి, టీకాల షెడ్యూల్ గురించి పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించండి.